గాలిరాయికి పసుపునీళ్లు

పోయిన వారం సమ్మయ్యను మురికి హౌదులో బోర్లా పడేసి మనం పేజీ తిప్పేశాం. అది మర్యాద కాదని నాకూ తెలుసు. 'మనిషిని గుంటలో వదిలేసి వారమంతా ఎట్లా నిద్రపోయావయ్యా' అని హన్మకొండ నుంచి ఒకావిడ కార్డు రాసి కడిగేశారు. పడతాను తల్లీ. ముందు ఈ మాట వినండి: సమ్మయ్య బతికే ఉన్నాడు. తాడుకు కొక్కెం కట్టి, అంగీకి తగిలించి, గల్లీకి గల్లీ అంతా కలిసి పైకి లాగారు. లాగడంలో భుజం తప్పింది, తల గట్టుకు కొట్టుకుంది. అయినా ఊపిరి ఉంది. నిన్న పొద్దుటి నుంచి పెద్ద దవాఖానలో ముక్కుకు గొట్టం పెట్టుకొని పడున్నాడు. ఇంకా కళ్లు తెరవలేదు.

మధ్యలో చేరినవాళ్ల కోసం కొంచెం వెనక్కి పోదాం. తెలిసినవాళ్లు ఓపిక పట్టండి.

కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇళ్ల మధ్య, నూలుకు రంగులద్దే కార్ఖానాలు నాలుగున్నాయి. అందులో ఒకటి సమ్మయ్యది. నల్లరంగు ఉడికించి కడిగిన నీళ్లు, ఎర్రరంగుకు తేజాబు, అంటే యాసిడ్, కలిపి కడిగిన నీళ్లు, అన్నీ పెరట్లోని మురికి హౌదులోకే పోతాయి. ఆ రెండూ కలిసిన బురదలో కుళ్లిన గుడ్డు వాసన కొట్టే గాలి పుడుతుంది. మాయదారి గాలి అది. కొంచెంగా ఉన్నప్పుడు కంపు కొడుతుంది, ఎక్కువైతే అసలు వాసనే తెలియదు, ముక్కు మొద్దుబారిపోతుంది. వాసన పోయింది కదా అని మనిషి దిగుతాడు. రెండేళ్ల కింద సమ్మయ్య తమ్ముడు పర్శరాములు అట్లాగే దిగాడు. శవాన్నే పైకి తీశారు.

ఆ పర్శరాములుకు చిన్ననాటి దోస్తు మన సారంగపాణి. పరకాల బడిలో ఇద్దరిదీ ఒకే బెంచీ. ఇప్పుడు కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాడు. దోస్తును కాల్చి వచ్చిన రోజు నుంచి అతనికి ఒకటే పిచ్చి పట్టింది. మనిషి కంటే ముందు ఆ గాలిని పసిగట్టే వస్తువు చెయ్యాలి. చేశాడు కూడా. పుస్తకాల్లో దాని పేరు ఏరోజెల్. పేరుకు భయపడకండి. జున్ను తెలుసు కదా? జున్నులోని తడంతా తీసేసి, జున్ను మాత్రం కుంగకుండా ముడుచుకోకుండా నిలబెట్టగలిగితే ఎట్లా ఉంటుందో అదీ అట్లాగే ఉంటుంది. కాకపోతే పాలకు బదులు గాజునీళ్లు. వాటిని జున్నులా గట్టిపరచి, లోపలి నీటిని స్పిరిటుతో మార్చి, మందపాటి ఉక్కు కుక్కర్లో పెట్టి, విపరీతమైన వేడిలో ఆ స్పిరిటును మెల్లగా ఆవిరిగా వదిలేస్తే పటికబెల్లం పలుకంత ముక్క మిగులుతుంది. నీలితెలుపు రంగు. అరచేతిలో పెడితే ఉన్నదో లేదో తెలియదు. దాని ఒళ్లంతా కంటికి ఆనని రంధ్రాలే. ఆ రంధ్రాలకు సీసపు మందు పట్టించాడు సారంగపాణి. చెడుగాలి ఏమాత్రం తగిలినా ముక్క నల్లబడుతుంది. సన్నటి గాజుగొట్టంలో దాన్ని పెట్టి, మూతులకు పలచటి గుడ్డ కట్టి, దారంతో హౌదులోకి దించడమే. తెల్లగా ఉంటే దిగు, నల్లబడితే ఆగు. కొత్తవాడవాళ్లు దానికి గాలిరాయి అని పేరు పెట్టుకున్నారు. నాలుగు కార్ఖానాలకూ తలా ఒకటి ఇచ్చాడు.

అంతకుముందు వాళ్లు కోడిని దించేవాళ్లు. పర్శరాములు పోయాక ఆ పద్ధతి పెట్టింది అతని తల్లి పోశవ్వ. బుట్టలో కోడిని పెట్టి తాడుతో హౌదులోకి దించి, కాసేపాగి పైకి లాగడం. కోడి కూతపెడితే మనిషి దిగొచ్చు. సారంగపాణి గాలిరాయి తెచ్చిన రోజు ఆ బుట్టను చూసి పగలబడి నవ్వాడు. "చంద్రుని మీదికి మనుషులు పోయొస్తాంటే ఇంక కోడేందే పోశవ్వా!" అన్నాడు. పోశవ్వ కూడా నవ్వింది. ఆ రోజు నుంచి బుట్ట అటక మీదికి ఎక్కింది.

నిన్న, దసరా ఆటవిడుపు అయిపోయాక, సమ్మయ్య గాలిరాయిని హౌదులోకి దించాడు. అది నల్లబడలేదు. దిగాడు.

ఇక్కడికి ఈ కథ పాత భాగం అయిపోయింది. ఇక సారంగపాణి దగ్గరికి పోదాం. ఇన్ని వారాలుగా నేను ఇతన్ని మంచివాడు మంచివాడు అని రాస్తూ వచ్చాను. మీరు కూడా నమ్మారు. ఈ వారం నాకు కొంచెం సిగ్గుగా ఉంది.

పొద్దున కాలేజీలో డిపార్టుమెంటు హెడ్డుగారు అతన్ని గదిలోకి పిలిచి తలుపు వేశారు.

"చూడు పాణీ, కంగారు పడకు. మనం ఇచ్చిన వస్తువు బాగానే ఉంది. వాళ్లు దానికి పూజ చేసి నీళ్లు పోశారట. ఆ సమ్మయ్య భార్య తనే అందరికీ చెప్పుకొని ఏడుస్తోందట కదా?"

"అవును సార్."

"మరింకేం? నీకు తెలుసు, నాకు తెలుసు, నీళ్లు పోస్తే ఏ పరికరమైనా పాడవుతుంది. ఇనస్పెక్టరు అడిగితే వాడకంలో పొరపాటు జరిగిందను. వచ్చే నెల ఢిల్లీ నుంచి కమిటీ వస్తోంది. నీ పేరు అక్కడిదాకా పోయింది, ఇప్పుడు పాడుచేసుకోకు. నేను చెప్పింది అబద్ధం కాదుగా?"

అబద్ధం కాదు. అందుకే సారంగపాణికి ఆ మాట తేలిగ్గా మింగుడు పడింది. సగం దారిలో గొంతుకు అడ్డం పడింది. హెడ్డుగారికి తెలియని సంగతి ఒకటి అతనికి తెలుసు మరి.

బయటికొచ్చి, మార్కెట్టు దగ్గర ఆగి బత్తాయిలు కొన్నాడు. తప్పు చేసినవాడికి పళ్లు కొనడం మీద ఎంత శ్రద్ధ ఉంటుందో మీరు గమనించారా? ఒక్కొక్క కాయనూ ఒత్తి చూశాడు. మచ్చ ఉన్నవి పక్కన పెట్టాడు. కొట్టువాడు విసుక్కున్నాడు కూడా. అక్కడి నుంచి స్కూటరు మీద దవాఖానకు వచ్చేదాకా తనకు తాను ఒకటే చెప్పుకున్నాడు. పలకరిస్తాను, పళ్లిస్తాను, వచ్చేస్తాను. నోరు విప్పను.

వరండాలో లింగమ్మ గోడకు ఆనుకొని కూచుంది. సమ్మయ్య భార్య. నిన్నటి చీరే. అత్త పోశవ్వ ఆమెకు దూరంగా, కొడుకు మంచం కనపడే కిటికీ దగ్గర నిలబడింది. ఇద్దరి మధ్యా ఒక మంచమంత ఖాళీ. ఒకే ఇంటి మనుషులని ఎవరూ అనుకోరు.

సారంగపాణిని చూడగానే లింగమ్మ లేచింది. లేచి నాలుగడుగులు వచ్చి, అతను సంచీ కింద పెట్టేలోపలే కాళ్ల మీద పడింది.

"నీ బాంచన్ సారూ, నేనే చేసిన. మీ రాయిని నేనే కరాబు చేసిన."

"అరే, ఏంది లింగమ్మా ఇది? లే. ముందు లే."

"ముట్టద్దని మీరు చెప్పిండ్రు. చెప్పలేదంటె నా కండ్లు పోతయ్. పండుగనాడు నాడెకు బొట్టు వెట్టినం, రంగుల గాబుకు వెట్టినం, తరాజుకు వెట్టినం. మా ఆయన పానం గాసేది అది. దానికి వెట్టకుంటె ఎట్ల అనిపిచ్చింది. గోడ మొలకెల్లి తీసి, గొట్టం మూతి గుడ్డ మీదనే పసుపునీళ్లు పోసిన. కొబ్బరికాయ గొట్టి ఆ నీళ్లు సుత పోసిన. గటగట తాగినట్టె పీల్చుకున్నది సారూ. లోపట చిటచిటమన్నది. నేను సంబురపడ్డదనుకున్న. అది అలిగింది సారూ. నేను ముట్టిన్నని అలిగింది."

పక్క మంచాలవాళ్ల చుట్టాలు తలలు తిప్పి చూస్తున్నారు. సారంగపాణి ఆమె భుజాలు పట్టి లేపబోయాడు. ఆమె లేవలేదు.

"అత్తమ్మ నాతోని మాట్లాడతలేదు. ఆయన లేవకుంటె గడప తొక్కద్దన్నది. తొక్క సారూ. ఏ మొఖం వెట్టుకొని తొక్కుత? మా మరిది పోయినప్పుడు ఈ ముసలామెను ఎవ్వలు పట్టుకున్నరు? నేనే పట్టుకున్న. ఇయ్యాల ఆమెకు నేనే కడుపుకోత వెడ్తాన. మీరొక్క మాట అనుండ్రి. లింగమ్మా నిన్ను మన్నించిన అనుండ్రి. ఆమె సుత ఇంటది."

మన్నించిన అంటే చాలు. ఒక్క మాట. హెడ్డుగారు చెప్పినట్టే అయింది, అడక్కుండానే అయింది. కాళ్ల దగ్గర పడి ఆమె తనే అడుగుతోంది. రాసేవాణ్ణి కాబట్టి నాకు తెలుసు, ఆ మాట అతని నాలుక చివరిదాకా వచ్చింది. థూ అనాలనిపించింది నాకు. కానీ అనలేదు, ఎందుకంటే అదే క్షణాన అతను తన పాదాల మీదున్న ఆమె చేతుల్ని చూశాడు. గోళ్ల సందుల్లో పసుపు ఇంకా పోలేదు. ఆ చేతులే దసరానాడు తన చేతిలో జమ్మి ఆకు పెట్టాయి.

"నీది తప్పు గాదు లింగమ్మా," అన్నాడు.

"మీరు మంచోళ్లు సారూ. గట్లనే అంటరు."

ఆ మాటకు అతను ఆమె ముందు గచ్చు మీద కూలబడిపోయాడు. ఇస్త్రీ ప్యాంటు, కాలేజీ చొక్కా, అట్లాగే. నర్సమ్మ ఒకామె దారికి అడ్డమని గొణుక్కుంటూ పక్కనుంచి పోయింది.

"నేను మంచోణ్ణి గాదు. ఇను. ముట్టద్దని చెప్పిన. నీళ్లు తగలద్దని చెప్పిన్నా?"

లింగమ్మ ఆలోచించింది. "లేదు."

"దానికి నీళ్లు తగిలితె సస్తది. లోపటి సందులన్నీ కూలుతయ్. మందు కడుక్కపోతది. నువ్విన్న చిటచిట అదే. అటెన్క అది ఉత్త సున్నపు పెళ్ల. ఎంత పాడుగాలి తగిలినా నల్లగ గాదు. అలుగుడు లేదు, ఏం లేదు. నీకు ఎరుకలేదు. నాకు ఎరుకే."

"మరి చెప్పొద్దా సారూ? ముట్టద్దన్నది గాదు, తడపద్దని చెప్తె నేను దాని దిక్కు చెంబు సుత పోనియ్యకపోదును."

"చెప్తె మీరేమంటరు? రంగుల కార్ఖానల ఏడ చూసినా నీళ్లే, ఆవిరే. నీళ్లకు ఆగని వస్తువు మాకెందుకు సారూ అంటరు. మా పెద్దసారుకు సుత తేమకు తట్టుకుంటదనే చెప్పిన. తట్టుకునేటట్టు చెయ్యచ్చు, ఇంకొన్ని నెలలు వడ్తది. నాకు తొందర. అందరూ శభాష్ అంటాండ్రు. అందుకే ముట్టద్దు అన్న ఒక్కమాటతోని సరివెట్టిన."

లింగమ్మ మెల్లగా లేచి కూచుంది. కొంగుతో మొహం తుడుచుకుంది. ఇంకా కోపం రాలేదు ఆమెకు. పెద్ద చదువుల మనిషి తనను ఓదార్చడానికి ఏదో చెబుతున్నాడనే అనుకుంటోంది. అది సారంగపాణికీ తెలిసింది. అక్కడితో ఆగిపోవచ్చు. సగం చెప్పి లేచిపోయే మనుషులు మనకు తెలుసు, వాళ్లకు రాత్రి నిద్ర కూడా బాగానే పడుతుంది.

"ఇంకోటున్నది," అన్నాడు.

"ఏంది?"

"దసరానాడు మీ ఇంటికొచ్చిన కద."

"వచ్చిండ్రు. మీ పెద్దసారు సుత వచ్చిండు. ఇద్దరికీ జమ్మి వెట్టిన."

"అప్పుడే చూసిన."

"ఏం చూసిండ్రు?"

"రాయిని. దర్వాజ పక్కన మొలకు ఏలాడ్తాంది. గొట్టానికి కుంకుమబొట్టు. లోపట పసుపు చార. మూతి గుడ్డ ఇంక ఆరలే. చూసిన లింగమ్మా. చూడంగనే తెలిసింది, అది ఇంక పనికిరాదని."

వార్డులో ఎవరో దగ్గుతున్నారు. ఎవరిదో టిఫిను డబ్బా కింద పడి దొర్లింది. లింగమ్మ అతని మొహాన్నే చూస్తోంది, ఇంతకాలం చూసిన మొహం ఇదేనా అన్నట్టు.

"చూసి?" అంది చివరికి.

"పెద్దసారు పక్కన్నే ఉన్నడు. మీ రాయి బాగుందయ్యా, బొట్టు కూడా పెట్టారు అని నవ్వుతాండు. గాయన ముంగట, ఇది నీళ్లకు ఆగదు అని చెప్పనీకి నాకు నోరు రాలే. రేపొచ్చి మెల్లగ మార్చిపోత అనుకున్న. తెల్లారి అత్తగారింటికి పోయిన. పండుగ దినాలు, హౌదు ఇప్పుడే కడగరులే అనుకున్న. అనుకుంట అనుకుంట..."

"నా చేతులకెల్లి బంగారం తీసుకున్నరు," అంది లింగమ్మ. జమ్మిని ఇక్కడ బంగారమనే అంటారు. "తీసుకొని కండ్లకద్దుకున్నరు. మా ఆయన్ను అలాయ్ బలాయ్ అని గట్టిగ అలుముకున్నరు. నేను సకినాలు వెడ్తె మంచిగున్నయని ఇంకోటి అడిగి తిన్నరు. గదంత ఎరికయ్యే చేసిండ్రా సారూ?"

"ఎరికయ్యే చేసిన."

"ఒక్క మాట. చాటుకు పిలిచి, లింగమ్మా సమ్మయ్యను దిగనియ్యకు అని ఒక్క మాట అంటె అయిపోతుండె. మీ పెద్దసారు ఇనకుంటనే అయిపోతుండె."

"అయిపోతుండె."

కోపం అప్పుడొచ్చింది లింగమ్మకు. ఏడుపు ఆగిపోయింది. నిన్నటి నుంచి ఎవరు తిట్టినా తల వంచుకున్న మనిషి లేచి నిలబడింది. గట్టిగా పిలిచింది.

"అత్తమ్మా! ఇటు రా."

పోశవ్వ తిరిగి చూసింది, కదల్లేదు.

"రమ్మంటాన గదా! నన్ను మల్ల తిట్టుదువు గని, ముందుగాల ఈయన చెప్పేది ఇను. సారూ, నాకు చెప్పింది ఆమెకు చెప్పుండ్రి. ఒక్క ముక్క ఇడవద్దు."

పోశవ్వ వచ్చింది. పొట్టి మనిషి, నడుము వంగింది, చెవులకు బరువైన గంటీలు. సారంగపాణిని చిన్నప్పటి నుంచీ ఎరిగిన మనిషి. పర్శరాములుతో పాటు ఆమె చేతి ముద్ద తిన్నవాడే అతను. హెడ్డుగారి ముందు ఒక్కమాట రాని గొంతుతో ఆమె ముందు అంతా మళ్లీ చెప్పాలి. చెప్పాడు. గచ్చు మీద కూచొనే చెప్పాడు. నీళ్ల సంగతి చెప్పాడు. దసరా సంగతి చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆమె అడ్డు రాలేదు. తిట్టలేదు. గుండె బాదుకోలేదు. తిడితే బాగుండునని అతను లోపల దండం పెట్టుకుంటున్నాడు.

అంతా విన్నాక ఆమె ఒకే ఒక్కటి అడిగింది.

"మరి నా కోడినెందుకు మాన్పిచ్చినవ్ బిడ్డా?"

సారంగపాణి తలకాయ రెండు చేతుల్లో పెట్టుకున్నాడు.

పోశవ్వ కోడల్ని గోడవారన కూచోబెట్టి తనూ పక్కనే కూచుంది. మంచమంత ఖాళీ లేకుండా, ఒళ్లు ఒళ్లు తగిలేట్టు. లింగమ్మ చెయ్యి తీసుకొని తన ఒళ్లో పెట్టుకొని, గోళ్ల సందుల్లోని పసుపును బొటనవేలితో రుద్దుతూ, "నిన్నటిసంది ఏమన్న తిన్నవానే?" అంది. లింగమ్మ అత్త భుజం మీద మొహం పెట్టి, అప్పుడు ఏడ్చింది బావురుమని. ముసలామె ఆమె వీపు నిమురుతూ కిటికీలోంచి కొడుకు మంచం వైపే చూస్తోంది. బత్తాయిల సంచీని మాత్రం కాలితో సారంగపాణి వైపు నెట్టింది.

"తీస్కపో బిడ్డా. మా నోళ్లకు దిగయ్."

సారంగపాణి సంచీ తీసుకున్నాడు. లేచాడు. ఏమనాలో తెలియక, ఏదో ఒకటి అనకుండా పోలేక, అన్నాడు:

"ఇనస్పెక్టరుకు నేనే చెప్త, తప్పు నాదని. మీకు కొత్త రాయి చేసి ఇస్త, నీళ్లకు ఆగేటట్టు. ఖరాబైంది ఒక్కటే. తక్కిన మూడిండ్లల్ల రాళ్లు మంచిగనే..."

లింగమ్మ తల ఎత్తింది.

"ఒక్కటేంది సారూ?"

"మీ ఇంట్లది."

"మా ఇంట్లదొక్కటే అని ఎవలు చెప్పిండ్రు మీకు? మా గల్లీల ఆయుధాల పూజ ఒక్కకాడనే అయితది. నాలుగు కార్ఖానల సామాను మా పెరట్ల పీట మీద వెడ్తం. నాలుగు రాళ్లకూ నేనే పోసిన నీళ్లు. ఈ చేతులతోని. పోసి, బొట్లు వెట్టి, ఎవలది వాళ్లకిచ్చిన."

సారంగపాణికి గుర్తొచ్చింది సమ్మయ్య కాదు. నిన్న సాయంత్రం లింగమ్మకు ఎదురుపడలేక ఇదే వరండా చివర స్తంభం చాటున ఆగితే, రెండో కార్ఖానా మొగిలయ్య తన చెయ్యి పట్టుకొని అడిగాడు. 'సారూ, మా రాయి మంచిదేనా? ఏం ఫికర్ లేదు కదా?' అని. ఒకటి పాడైందంటే నాలుగింటినీ అనుమానిస్తారు, నాలుగింటినీ అనుమానిస్తే కాలేజీ దాకా వస్తుంది. ఇది అతని లెక్క. అందుకని మొగిలయ్య భుజం తట్టి, 'నీది మంచిదేనే మొగిలన్నా, దానికేం గాలే' అన్నాడు. ఆ రాయిని చూడకుండా అన్నాడు.

"మొగిలన్న హౌదు కడిగిండా?" అన్నాడు.

"ఇయ్యాల కడుగుతనన్నడు. బేస్తారం మంచిదని," అంది పోశవ్వ. అని, తను అన్నమాటకు తనే నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "ఉరుకు బిడ్డా. ఉరుకు!"

బత్తాయిలు మెట్ల మీద దొర్లుకుంటూ పోయాయి. స్కూటరు ఎన్నిసార్లు తన్నినా పలకలేదు. దాన్ని స్టాండు మీదే వదిలేసి, గేటు ముందు ఆగిన రిక్షా ఎక్కి, "కొత్తవాడ, జల్ది, జల్ది" అన్నాడు. పోచమ్మ మైదాను దగ్గర పత్తి బండ్లు అడ్డం పడితే రిక్షా దిగి పరుగెత్తాడు. చెప్పు ఒకటి తెగి ఎక్కడో పోయింది. దారిలో అతన్ని ఎరిగినవాళ్లు ఇద్దరు ముగ్గురు నమస్తే సార్ అన్నారు. ఎప్పుడూ ఆగి పలకరించే మనిషి ఇవాళ మొహం కూడా తిప్పకుండా పోయాడేమిటని వింతగా చూశారు.

మొగిలయ్య కార్ఖానాలో రంగు ఉడికించే పొయ్యి ఆర్పేసి ఉంది. నూలు చిలపలు దండేల మీద ఆరుతున్నాయి. పెరటి తలుపు బార్లా తెరిచి ఉంది. మొగిలయ్య భార్య బక్కమ్మ హౌదు గట్టు మీద కాళ్లు ముడుచుకొని కూచుంది. చేతిలో తాడు. రొప్పుతూ వచ్చి తలుపు పట్టుకొని నిలబడ్డ సారంగపాణిని చూసి, కొంగు సర్దుకొని నవ్వింది.

"రాండ్రి సారూ. గిట్ల ఉరుకొచ్చిండ్రేంది? సమ్మన్న కండ్లు తెరిచిండా?"

"మొగిలన్న ఏడి?"

"గిప్పుడే దిగిండు. నడుముకు తాడు గట్టుకొమ్మంటె, పార ఆడియ్యనీకి అడ్డమస్తదని చేతిల వట్టుకొని దిగిండు. రాయిని దించి చూసినం సారూ, తెల్లగనే ఉన్నది. నేను చెప్పిన, నిన్ననే గట్లాయె, జర కోడిని సుత దించి చూద్దామని. ఇంటడా? సారు సొంత నోటితోని మంచిదే అన్నడు, ఇంక కోడెందుకే నీ తలకాయ అన్నడు."

గాలిరాయి గట్టు పక్కన గోడ మొలకు వేలాడుతోంది. కుంకుమబొట్టు చెక్కుచెదరలేదు. దాని కిందే ఎర్రకోడి ఒకటి కాలితో మట్టి గీరుకుంటూ గింజలు ఏరుకుంటోంది.

"మొగిలన్నా!" అని సారంగపాణి హౌదులోకి అరిచాడు. పార చప్పుడు వినపడాలి. తిట్టో, దగ్గో, ఏదో ఒకటి వినపడాలి. "మొగిలన్నా!"

"ఇనపడ్డట్టు లేదు. జర ఆగుండ్రి, గుంజి చూస్త," అంది బక్కమ్మ.

ఆమె మొహం మీద నవ్వు ఇంకా పోలేదు. రెండు చేతులా తాడు పట్టుకొని గుంజింది. తాడు ఏ బరువూ లేకుండా పైకి వచ్చేసింది.